650 అడుగుల బోరుకి సోలార్ మోటారు: 5 హెచ్‌పీనా, 7.5 ఆ? అనుభవం ఉన్నోళ్లు చెప్పండి

కదిరి పిల్లోడు:

అందరికీ నమస్తే. మాది కదిరి పక్క పల్లె. నాలుగున్నర ఎకరం ఎర్రనేల, ఇన్నేండ్లూ వానొస్తే చెనక్కాయ, రాకుంటే బీడు. పోయినేడు మా నాయన ఎవురి మాటా వినకుండా బోరు ఏపిచ్చినాడు, దీనికి ముందు రెండు ఫెయిలు, ఇది మూడోది, 650 అడుగులకి పోతే నీళ్లు తగిలినాయి. రిగ్గోళ్లు "ఒకటిన్నర ఇంచి నీళ్లు" అని చెప్పి డబ్బులు తీసుకోని పోయినారు. కేసింగుకి మూత బిగిచ్చి పెట్టినాము, అంతే, ఇంతవరకు మోటారు దించలేదు.

ఎందుకంటే కరెంటు లేదు. దగ్గర్లో ఉండే లైను మా చేనికి 700 మీటర్లు ఉంటాది. సర్వీసుకి అప్లై చేసి పదకొండు నెలలైంది, అడిగినప్పుడల్లా సీనియారిటీ లిస్టు అంటారు, స్తంభాలు రాలేదంటారు. ఈ లోపల ఒక సోలార్ ఏజెంటు మా నాయనని పట్టుకున్నాడు. 7.5 హెచ్‌పీ పెట్టుకో పెద్దాయనా నీళ్లు దండిగా వస్తాయి, నాలుగున్నర ఎకరాకీ చీనీ (బత్తాయి) పెట్టేయొచ్చు, బిల్లు లేదు, ఇరవై అయిదేండ్లు దాని మొకం చూసే పని లేదు అన్నాడంట. మా నాయన అప్పుడే చీనీ అంట్లకి అడ్వాన్సు ఇచ్చేదానికి రెడీ అయిపోయినాడు.

నేను బెంగళూర్లో ఉద్యోగం, వారానికోసారి పోతా. నాకు తెలియాల్సింది ఏమంటే 5 చాలా, 7.5 కావాలా, డీసీ మోటారా ఏసీ మోటారా, మబ్బు పట్టిన రోజు సంగతేంది, అసలు రైతుకి ఫ్రీ కరెంటు ఇచ్చే రాష్ట్రంలో ఉండి సోలార్ పెట్టుకోవడం పిచ్చితనమా? అమ్మేటోళ్ల మాట కాదు, వాడినోళ్ల మాట కావాల.

---

నల్గొండ యాదన్న:

తమ్మీ నేనైతే లైను కోసమే ఆగుత. మా దగ్గర 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు అన్నరు, నాకు రెండు బోర్లు, వరి ఏస్త. సోలార్‌తోని వరి మడి పారుడు మాత్రం మర్చిపో, పొద్దుగూకితే బందయితది, మబ్బు పడితే బందయితది. మా ఊర్ల ఒకాయన సబ్సిడీల వస్తుందని పెట్టిండు, ఇప్పుడు ప్లేట్ల కింద మేకలు పంటున్నయ్.

గానీ ఒక్కటి నిజం చెప్పాలె. ఫ్రీ కరెంటు ఫ్రీ అంటరు గని ట్రాన్స్‌ఫార్మర్ కాలితే అది దించుడు, ట్రాక్టర్ల ఏసుకపోవుడు, మల్ల తెచ్చుడు మొత్తం రైతులదే, తలా ఇంత ఏసుకోవాలె. మోటరు వైండింగు కాలితే అది వేరే. ఆ లెక్క ఎవ్వడు రాయడు.

---

చీనీ తోట (పులివెందుల వైపు):

నల్గొండ అన్న చెప్పింది వరికి కరెక్టు. కానీ కదిరి తమ్ముడు అడిగేది చీనీకి, రెండూ ఒకటి కాదు.

నేను 2016లో పెట్టినా, 5 హెచ్‌పీ ఏసీ సబ్‌మెర్సిబుల్, అప్పట్లో నా వాటా 55 వేలు డీడీ తీసినా, మిగతాది సబ్సిడీ. మాది కూడా లైను లేని చేనే. ఎట్ల పనిచేస్తాదో ఉన్నదున్నట్టు చెప్తా.

పొద్దున ఏడున్నరకి ఎండ ప్లేట్ల మీద పడుతూనే మోటారు తిరగడం మొదలుపెడ్తాది, కానీ నీళ్లు రావు, పైపులో ఉసూరుమని గాలి శబ్దం ఒక పావుగంట వస్తాది, తర్వాత సన్నధార. తొమ్మిదిన్నరకి అందుకుంటాది. పన్నెండు నుంచి రెండున్నర దాకా దాని ప్రతాపం. మూడున్నర దాటితే మళ్లీ సన్నబడ్తాది. కరెంటు మోటారు మాదిరి స్విచ్చేస్తే ధబామని పడేది కాదు ఇది. దీనికి అలవాటు పడేదానికే నాకు ఒక ఎండాకాలం పట్టింది.

ఆ ఎండాకాలంలో ఏం తప్పు చేసినానంటే, కరెంటు మోటారు లెక్కనే డ్రిప్పు రెండెకరాలకీ ఒకేసారి వదిలేవాణ్ణి. పైనుండే చెట్లకి నీళ్లు, చివర రెండు సాళ్లలో డ్రిప్పర్లు ఏడ్చినట్టు చుక్క చుక్క. నాకర్థం కాక ఫిల్టరు కడుగుతా, లేటరల్ (సాళ్లలో సన్న పైపు) విప్పుతా, కంపెనీవోడికి ఫోన్ చేస్తా. చివరికి ఒక డ్రిప్పు పిల్లోడొచ్చి, అన్నా పొద్దున ప్రెజరు లేనప్పుడు అరెకరం వాల్వు తిప్పు, మధ్యాహ్నం ఎకరం తిప్పు అని చెప్పి పోయినాడు. రెండు గేటువాల్వులు ఉన్నేచోట ఐదు పెట్టినా. అంతే, సమస్య పోయింది. కాబట్టి డ్రిప్పు వేసేటప్పుడే చిన్న చిన్న ముక్కలు చేపించుకో తమ్ముడూ, తర్వాత తవ్వి పెట్టాలంటే డబుల్ ఖర్చు.

మబ్బు సంగతి. మన రాయలసీమలో ఎండలకి కొదవ లేదు అనుకుంటాం కదా, అసలు ఇబ్బంది ఎండాకాలంలో రాదు. జూలై ఆగస్టులో వస్తాది. మబ్బు పట్టుకోనుంటాది, వాన రాదు, ఆషాఢం గాలి చెట్టుని ఎండబెడ్తాది. నీళ్లు కావాలి, మోటారు సగమే తిరుగుతాది. దానికోసం నేను ఒక సిమెంటు తొట్టి కట్టిచ్చినా, ఎండున్న రోజు నింపుకుంటా. ఆ గాలికే ఇంకో మాట, స్టాండు కాళ్లకి కాంక్రీటు ఎంత లోతు వేస్తారో పక్కన నిలబడి చూసుకో, మా పక్క చేన్లో ఒక స్టాండు గాలికి ఒరిగి నాలుగు ప్లేట్లు పగిలినాయి.

ప్లేట్లు కడగడం: వారానికోసారి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు. బోరు నీళ్లతో కడిగి అట్లనే వదిలేయొద్దు, మన నీళ్లలో ఉప్పెక్కువ, ఆరినాక తెల్లగా పొర కడ్తాది, అది దుమ్ముకన్నా మొండిది. గుడ్డతో తుడిచేయాల.

రిపేరు: ఎనిమిదేండ్లకి పైన వాడితే మోటారు ఒకసారి, కంట్రోలరు (ప్లేట్ల కరెంటుతో మోటారుని నడిపే డబ్బా) ఒకసారి పోయినాయి. మోటారు ఊర్లోనే వైండింగు చేయించినా, మూడు రోజులు. కంట్రోలరు డబ్బా మాత్రం కంపెనీవోడే చేయాల, నలభై రోజులు పట్టింది, అదీ ఏప్రిల్లో. ఆ నలభై రోజులు ట్యాంకర్లతో చెట్లు బతికిచ్చుకున్నా. ఇరవై అయిదేండ్లు అనేది ప్లేట్లకి మాత్రమే తమ్ముడూ, డబ్బాకి కాదు, మోటారుకి కాదు.

చివరగా ఒకటి చెప్పాలంటే సిగ్గుగా ఉంటాది కానీ చెప్తా. బిల్లు లేదు, ఆపేవాడు లేడు కదా అని మొదటి రెండేండ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోటారు ఆపలేదు. చెట్లకి చాలినాక తొట్టి నిండేది, తొట్టి నిండి పొర్లి పక్క గడ్డిలోకి పోయేది, నేను చూసి పచ్చగా ఉందిలే అని మురిసిపోయేవాణ్ణి. మూడో ఏడు బోరు గాలి కొట్టింది. ఇంకో ఐదు పైపులు దించితే గానీ నీళ్లు అందలేదు. కరెంటు పోయినప్పుడన్నా బోరుకి కాస్త ఊపిరాడ్తాది, సోలార్‌కి మనమే ఆపాల.

---

మోటార్ల మెకానిక్కు:

పైన అన్న చాలా వరకు చెప్పేశాడు. నేను పదిహేనేళ్లుగా మోటార్లు దించడం, తీయడం ఇదే పని, సోలార్‌వి ఓ అరవై దాకా బిగించి ఉంటాను.

కదిరి తమ్ముడూ, నీ ప్రశ్నే తిరగేసి ఉంది. హెచ్‌పీ ఎంత అని అడుగుతున్నావు, అసలు నీ బోరు ఎంత ఇస్తుందో నీకు తెలీదు. రిగ్గువాడు చెప్పిన ఒకటిన్నర ఇంచి కంప్రెసర్ గాలికి ఎగిరిన నీళ్లు, అది చూసి చీనీ అంట్లకి అడ్వాన్సు ఇవ్వకూడదు. బోరు గంటకి నాలుగు వేల లీటర్లు ఊరుతుంటే నువ్వు 7.5 పెట్టినా 10 పెట్టినా నాలుగు వేలే వస్తాయి, కాకపోతే తొందరగా ఖాళీ చేసి, గాలి పీల్చి, నీళ్లు లేకుండా తిరిగి (డ్రై రన్) బుష్‌లు పోతాయి.

లెక్క కావాలంటే ఇలా చూడు. 5 హెచ్‌పీకి సుమారు 4800 వాట్ల ప్లేట్లు పెడతారు. ఎండ బాగా కాసిన రోజు, నీళ్లు 50 మీటర్ల లోతు నుంచి తోడితే రోజుకి లక్ష లీటర్ల దాకా వస్తాయి, అదే 100 మీటర్ల నుంచి అయితే 45 వేల దగ్గర. అదే మోటారు, అవే ప్లేట్లు. లోతు రెట్టింపయితే నీళ్లు సగానికి కూడా తక్కువ. ఇప్పుడు ఎకరం నేల మీద ఒక్క ఇంచి మందం నీళ్లు నిలబడాలంటే లక్షా మూడు వేల లీటర్ల దాకా కావాలి. అంటే మీ లోతుల్లో సోలార్‌తో మడి కట్టి పారించడం అయ్యే పని కాదు, డ్రిప్పు తప్ప దారి లేదు. యాదన్న వరి మాట అందుకే కరెక్టు.

లోతు అంటే బోరు లోతు కాదు, మోటారు దించిన లోతు కూడా కాదు. మోటారు తిరుగుతున్నప్పుడు నీళ్లు ఎక్కడికి దిగి నిలబడతాయో అక్కడి నుంచి లెక్క. అది తెలియాలంటే ఒకటే మార్గం. ఎవరి దగ్గరన్నా పాత 5 హెచ్‌పీ మోటారు, ఒక జెనరేటరు బాడుగకి తెచ్చుకో. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో ఫోన్లో టైం చూసి రాసుకో. మొదలుపెట్టగానే ఒకసారి, గంటకోసారి, ఆపకుండా కనీసం మూడు నాలుగు గంటలు. మొదటి డ్రమ్ము లెక్కలోకి తీసుకోవద్దు, అది బోరులో నిల్వ ఉన్న నీళ్లు. చివరి డ్రమ్మే నీ బోరు. ఇప్పుడు ఎండలు ముదిరి ఉన్నాయి కాబట్టి ఇదే సరైన సమయం, నవంబర్లో టెస్టు చేసి మురిసిపోయినవాళ్లని చాలామందిని చూశా.

డీసీనా ఏసీనా అంటే, డీసీ మోటారు అదే ఎండకి కాస్త ఎక్కువ నీళ్లు ఇస్తుంది, పొద్దున తొందరగా అందుకుంటుంది. కానీ పోతే కదిరిలో నువ్వు రిపేరు చేయించలేవు, కంపెనీకి పంపాలి. ఏసీ అయితే సందుకో వైండింగు షాపు ఉంది, రేపు లైను వచ్చినా అదే మోటారు కరెంటుకి తగిలించుకోవచ్చు. మీ లైను ఎప్పటికైనా వచ్చేదే కాబట్టి నేనైతే ఏసీ అంటాను.

ఇంకోటి, ప్లేట్ల మీద నీడ. ఒక తమ్ముడు చింతచెట్టు దగ్గర పెట్టించుకున్నాడు చల్లగా ఉంటుందని! ప్లేట్లన్నీ వరసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి, ఒక్కదాని మీద కొమ్మ నీడ పడినా వరస మొత్తం నీరసపడుతుంది. దక్షిణం వైపు, 15 డిగ్రీల అటుఇటు వాలు, సాయంత్రం నాలుగింటికి కూడా నీడ రాని చోటు.

---

ఆణంద్ నుంచి రాజు:

నాది శ్రీకాకుళం, ఉద్యోగరీత్యా గుజరాత్‌లో ఆణంద్‌లో ఉంటున్నా. పులివెందుల అన్న చెప్పిన ఆఖరి మాట గురించి ఒకటి చెప్దామని.

మాకు దగ్గర్లోనే ఖేడా జిల్లాలో ఢూండి అని ఒక ఊరు. 2016లో ఆరుగురు రైతులు సహకార సంఘం పెట్టుకుని సోలార్ పంపులు పెట్టించుకున్నారు, గ్రిడ్‌కి కలిపించుకున్నారు. చేనికి చాలినంత నీళ్లు తోడుకుని, మిగిలిన కరెంటు డిస్కంకి (కరెంటు సరఫరా కంపెనీకి) యూనిట్ 4 రూపాయల 63 పైసలకి అమ్ముతారు. అక్కడ రైతుకి మోటారు ఊరికే తిప్పడమంటే జేబులో డబ్బులు పారబోసినట్టే, అందుకని చెప్పకుండానే ఆపుతాడు. తర్వాత 2018లో ఆ రాష్ట్ర ప్రభుత్వం సూర్యశక్తి కిసాన్ యోజన అని ఇదే పద్ధతి పెద్దగా మొదలుపెట్టింది.

మన దగ్గర కూడా చేశారండి, విజయనగరం జిల్లా భోగాపురం మండలం సవరవిల్లి ఫీడరు కింద, 250 మోటార్లు తీసేసి సోలార్‌వి పెట్టి గ్రిడ్‌కి కలిపారు. కాకపోతే మిగిలిన యూనిట్‌కి ఇస్తామన్నది రూపాయిన్నర. రూపాయిన్నర కోసం ఎవడు మోటారు ఆపుతాడు చెప్పండి, అదే నీళ్లతో ఇంకో అరెకరం కూరగాయలు వేస్తే అంతకన్నా ఎక్కువే వస్తుంది కదా. పద్ధతి మంచిదే గానీ రేటు దగ్గరే మొత్తం ఉంది.

కదిరి తమ్ముడికి ఇది ఇప్పుడు ఉపయోగపడదు, లైనే లేదు కాబట్టి. సోలార్ పంపులకి సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం కుసుమ్‌లో నీకు వర్తించేది బి భాగం, లైను లేని చోట విడిగా పెట్టే పంపులకి. కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, రైతు 40, ఆ నలభైలో ముప్పై దాకా బ్యాంకు లోను పెట్టుకోవచ్చు. రాష్ట్రం ఎక్కువ వేసుకుంటే రైతు వాటా తగ్గుతుంది. సబ్సిడీ 7.5 హెచ్‌పీ దాకా లెక్కగడతారు. ఐదేళ్లు మెయింటెనెన్సు కంపెనీదే, అది కాగితం మీద రాయించుకో. ఒక మెలిక ఉంది, భూగర్భజలం బాగా అడుగంటిన డార్క్ జోన్లలో కొత్త పంపులు ఇవ్వరు, పాత డీజిల్ ఇంజన్లని మార్చుకోవడానికే ఇస్తారు, అది కూడా డ్రిప్పో స్ప్రింక్లరో ఉంటేనే. మీ మండలం ఏ లిస్టులో ఉందో ముందు కనుక్కో. ఆన్‌లైన్లో కుసుమ్ పేరుతో దొంగ వెబ్‌సైట్లు బోలెడున్నాయి, రిజిస్ట్రేషన్ ఫీజు అని ఎవడన్నా అడిగితే కట్టొద్దు, నెడ్‌క్యాప్ (రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ) ఆఫీసుకే నేరుగా వెళ్లు.

---

నల్గొండ యాదన్న:

రాజన్న చెప్పింది మంచిగుంది. మాకు గట్ల యూనిట్‌కి నాలుగు రూపాయలిస్తే నేను యాసంగి వరి బంద్ పెట్టి కరెంటే పండిస్త 😀

---

కదిరి పిల్లోడు:

అన్నలందరికీ థ్యాంక్స్. లేటుగా రాస్తాండా, ఎందుకంటే మెకానిక్కు అన్న చెప్పిన టెస్టు చేసినాము.

శనివారం పోయినా. మా మామ దగ్గర పాత 5 హెచ్‌పీ మోటారు ఉంటే తెచ్చి 500 అడుగులకి దించినాము, జెనరేటరు కదిరిలో బాడుగకి తెచ్చినాము, డీజిలు మనదే. ఊర్లో సగం మంది వచ్చి కూర్చున్నారు ఏందో తిరనాళ్ల మాదిరి. మా నాయన టెంకాయ కొట్టినాడు. మోటారు ఆన్ చేస్తూనే నీళ్లు పడినాయి చూడండి, మొదటి డ్రమ్ము 95 సెకన్లలో నిండింది. మా నాయన నా మొకం చూసి, ఏమిరా నీ ఫోన్లో అన్నలు ఏమంటారు ఇప్పుడు అన్నాడు. నేనేం మాట్లాడలేదు.

గంటకి 120 సెకన్లు. రెండు గంటలకి 155. అప్పటికి చూసేదానికి వచ్చినోళ్లు ఒక్కొక్కరే లేచిపోయినారు. మూడు గంటలు దాటినాక పైపు మధ్యలో గాలి కొట్టడం మొదలు, బుడ్‌బుడ్ అంటా ఎర్రగా కాస్త మట్టి కూడా వచ్చింది, డ్రమ్ము నిండేదానికి 190 సెకన్లు. నాలుగో గంట కూడా 190 మీదనే నిలబడింది, నీళ్లు అంతకంటే తగ్గలేదు. తాడుకి బరువు కట్టి ఇడిచి చూస్తే నీళ్లు 420 అడుగుల దగ్గర తగిలినాయి.

నేను వేసిన లెక్క: 190 సెకన్లకి 200 లీటర్లు అంటే గంటకి సుమారు 3,800. సోలార్‌కి గట్టిగా ఆరు గంటలు వేసుకుంటే రోజుకి 23 వేలు లోపలే. పెద్దయిన చీనీ చెట్టుకి ఎండాకాలంలో రోజుకి 80 లీటర్లు వేసుకుంటే 285 చెట్లు. ఎకరాకి 110 చెట్ల లెక్కన రెండున్నర ఎకరాలు. నాలుగున్నర ఎకరాకి పెట్టింటే ఐదేండ్లు సాకి, కాపుకొచ్చే టైముకి సగం చెట్లు కొట్టేసుకోవాల్సి వచ్చేది. మా చిన్నాయనోళ్లకి అట్లనే అయింది, ఆ మొద్దులు ఇప్పటికీ చేన్లోనే ఉండాయి.

ఇప్పుడు నాకు డౌటు ఏమంటే, నీళ్లు ఇంత తక్కువ కదా, 3 హెచ్‌పీ చాలదా? ఖర్చు తగ్గుతాది.

---

మోటార్ల మెకానిక్కు:

టెస్టు బాగా చేశావు తమ్ముడూ. తాడు వేసి చూడటం నేను చెప్పడం మర్చిపోయా, నువ్వే చేశావు.

3 చాలదు. నీళ్లు తక్కువే గానీ లోతు ఎక్కువ. 420 అడుగులంటే 128 మీటర్లు, దాని పైన డ్రిప్పు ప్రెజరు, పైపులో రాపిడి కలుపుకోవాలి. గంటకి 3,800 లీటర్లు అంత పైకి ఎత్తాలంటే 3 హెచ్‌పీ మధ్యాహ్నం పూట ఎగశ్వాసతో లాగుతుంది, మిగతా టైములో నీళ్లు పైకి రావు. 5 సరిగ్గా సరిపోతుంది, కాకపోతే ఎక్కువ స్టేజీలు (లోపల ఒకదాని మీద ఒకటి ఉండే ఫ్యాన్ల వరసలు) ఉండే పంపు అడుగు, లోతు బోర్లకి నీళ్లు తక్కువ, హెడ్ (నీళ్లు ఎత్తగల ఎత్తు) ఎక్కువ ఉండే రకం. అందరికీ ఇచ్చే మామూలు 5 తగిలించేస్తే పొద్దున పదింటిదాకా పైపులో గాలే వినిపిస్తుంది. 7.5 మాత్రం దండగ, నీ బోరు ఇవ్వని నీళ్ల కోసం ప్లేట్లు కొన్నట్టు.

డ్రై రన్ ప్రొటెక్షన్ కంట్రోలర్లో ఉందో లేదో చూడు, ఉందని చెప్పడం కాదు, బిగించిన రోజే గాలి కొట్టేదాకా తిప్పించి ఆగుతుందో లేదో కళ్లతో చూడు. నీ బోరుకి అది తప్పనిసరి.

---

చీనీ తోట (పులివెందుల వైపు):

తమ్ముడూ మొదటి మూడేండ్లు అంట్లకి 80 లీటర్లు అక్కర్లేదు, పది ఇరవైతో బతుకుతాయి. ఆ మిగిలే నీళ్లు చూసి మీ నాయన మళ్లా ఇంకో రెండెకరాలు పెడదామంటాడు చూడు, నేను అట్లనే పెట్టినా. మిగిలిన నేలలో వానకి చెనక్కాయో కందో వేసుకోండి, సాళ్ల మధ్యలో కూడా చెనక్కాయ వస్తాది మొదట్లో. మోటారు ఆపేసి పెట్టండి నీళ్లు చాలినప్పుడు.

అవునూ, కంట్రోలరుకి వేరే పనులు కూడా చేసే రకం ఉంటాది, మోటారు అక్కర్లేనప్పుడు గడ్డి కోసే మిషను అట్లాంటివి తిప్పుకోవచ్చు. మా బామ్మర్దికి ఉండాది అది. రేటు కనుక్కో.

---

కదిరి పిల్లోడు:

మా నాయనకి లెక్క మొత్తం కాగితం మీద రాసి చూపిచ్చినా. చాలాసేపు చూసినాడు. 190 సెకన్ల కాడ వేలు పెట్టి, "మల్లొకసారి టెస్టు చేద్దామా, ఆ పొద్దు జెనరేటరు సరిగ్గా పనిచేసిండదేమో" అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు కానీ సోమవారం అంట్లోడికి ఫోన్ చేసి 275 చాలు అని చెప్పినాడంట, మా అమ్మ చెప్పింది.

ఏజెంటుకి ఫోన్ చేసి 5 హెచ్‌పీ ఏసీ, స్టేజీలు ఎక్కువ ఉండేది కావాల అంటే ఆయప్ప కొంచెంసేపు మాట్లాడలా. ఇప్పుడు కొత్త కొటేషన్ పంపినాడు. అందులో కేబులు 4 స్క్వేర్ ఎంఎం అని, పైపు 100 మీటర్ల దాకా అని రాసినాడు. మనం మోటారు దించేది 500 అడుగులకి కదా?

---

మోటార్ల మెకానిక్కు:

500 అడుగులంటే 152 మీటర్లు. మిగతా 52 మీటర్ల పైపు, కేబులు ఎవరి ఖాతాలో, ఏ రేటుకి, ముందే రాయించు. అంత పొడుగుకి కేబులు సన్నమైతే వోల్టేజీ కొంత దారిలోనే పోతుంది, 4 బదులు 6 స్క్వేర్ ఎంఎం అయితే నయం. కొటేషన్ ఫోటో తీసి ఇక్కడ పెట్టు, పంపు మోడల్ నంబర్ కనపడేలా తియ్యి.